కోడెల్ని పడుకోనివ్వు

ఆ వారంలో బుల్చా కోడెల్ని కాటా ఎక్కించడం అది రెండోసారి.

గాలి అప్పుడే లేచింది. అదామా ఊరి గాలి సంగతి తెలిసిందే, పొద్దెక్కేకొద్దీ దుమ్మంతా లేపి కళ్లలో కొడుతుంది. ఆ దుమ్ములో బుల్చా ఒక కోడె వెనక నిలబడి, గొంతు చించుకుంటూ, ఇనప పంజరంలాంటి కాటాలోకి దాన్ని నెడుతున్నాడు. ముందు నుంచి జార్సో తాడు పట్టుకుని లాగుతున్నాడు. కోడె నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి కదలనంటోంది.

"ఓబో బుల్చా, మొన్ననేగా దీన్ని తూచాం. ఇంతలో ఇదేమన్నా ఈనిందా, బరువు మారిపోవడానికి?" అన్నాడు జార్సో. ఏమన్నా బుల్చాని గౌరవంగా 'ఓబో' అనే పిలుస్తాడు.

"నోర్మూసుకుని లాగు."

లాగాడు. కోడె ఎక్కింది. ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగి, మొన్న ఆగిన చోటే ఆగింది. బుల్చా కాటాని అరచేత్తో ఒక దెబ్బ కొట్టాడు. ముల్లు వణికి మళ్లీ అక్కడే నిలిచింది.

"కాటా చెడిపోయింది," అన్నాడు.

"చెడింది కాటా కాదు," అంది ఓబ్సే, గేటు తోసుకుని లోపలికొస్తూ. చంకలో రొట్టెల మూట ఉంది. బస్టాండు దగ్గర తన టీ కొట్టు తెరిచి, పనమ్మాయిని కూర్చోబెట్టి, రోజూ ఆ వేళకి దొడ్డికొస్తుంది. మొగుణ్ణి కూతురి పేరుతోనే పిలుస్తుంది. "లెన్సా నాన్నా, ఆ పెనుగులాటలో అవి తిన్నదంతా అరిగిపోతోంది. కాసేపు వాటి మానాన వాటిని వదిలెయ్యలేవా?"

"వదిలేస్తే పెరుగుతాయా?"

"నువ్వు పట్టుకుంటే పెరుగుతున్నాయా?"

జార్సో నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

బుల్చా ఇరవై ఏళ్లు లారీ తోలినవాడు. దక్షిణాన ఉన్న బోరెనా సంతల్లో బక్కచిక్కిన కోడెల్ని ఎక్కించుకుని, యాబెలో నుంచి దిల్లా, హవాసా, షాషమనే మీదుగా అదామా దాకా తెచ్చి, ఊరి చుట్టూ ఉన్న దొడ్లలో దించేవాడు. మళ్లీ మూడు నెలలకి అదే దొడ్డికి వెళ్తే అవే కోడెలు నిగనిగలాడుతూ, మూపురాలు ఊపుకుంటూ, అరబ్బు దేశాల ఓడలకి బయల్దేరుతూ కనిపించేవి. యజమాని కొత్త గడియారం చూపించేవాడు. తనేమో మళ్లీ అదే గతుకుల రోడ్డు ఎక్కేవాడు. ఈ వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు. కానీ వాళ్ల దొడ్లలో దించడానికి కోడెలుండవు కాబట్టి వాళ్లెప్పుడూ అతనికి ఎదురుపడలేదు.

చివరికి ఒక ఏడాది సొంత ఇసుజు లారీని అమ్మేశాడు. ఓబ్సే పాడుకున్న చీటీ డబ్బు కూడా కలిపాడు. వోంజీ రోడ్డులో ఒక దొడ్డి అద్దెకి తీసుకుని, దుబ్లుక్ సంతలో నలభై కోడెల్ని కొన్నాడు. ఏరడంలో మాత్రం అతన్ని వంక పెట్టడానికి లేదు. పొడవాటి వెన్ను, వెడల్పాటి ఎదురురొమ్ము, గట్టి కాళ్లు ఉన్నవాటినే పట్టాడు. ఎండాకాలం మేత లేక మాడిపోయాయి గానీ మంచి పుట్టుక పుట్టినవి. దారిలో వాటిని చూసుకోవడానికి వచ్చిన జార్సో వారంలో తిరిగి వెళ్లిపోతానన్నవాడు వెళ్లలేదు. యాభై దాటిన మనిషి, పెళ్లాం పోయింది, ఊళ్లో ఎదురుచూసేవాళ్లు లేరు. ఇక్కడ దొరికే టీ నచ్చిందని పైకి చెప్పేవాడు.

మొదటి నెల పండగలా గడిచింది. ఎండిపోయిన కోడెలకి ఒక్కసారిగా తవుడూ, వలిసెల చెక్కా, టెఫ్ గడ్డీ, చక్కెర ఫ్యాక్టరీ మడ్డీ దొరికేసరికి కళ్లముందే ఒళ్లు చేశాయి. డొక్కలు పూడాయి. వెంట్రుకలకి మెరుపొచ్చింది. తూచిన ప్రతిసారీ ముల్లు ముందుకి పోతుంటే బుల్చా గాల్లో తేలిపోయేవాడు. ఓబ్సే కొట్టుకెళ్లి, అక్కడ టీ తాగుతున్న పాత డ్రైవర్లందరికీ ఆ లెక్క వినిపించేవాడు.

"ఇట్లాగే పెరుగుతూ పోతే మూడు నెలలకి ఒక్కోటి ఏనుగంత అవుద్ది," అని ఒకడు ఎగదోసేవాడు.

"అప్పుడు ఓడలో ఎక్కదురా, విమానంలో పంపాలి," అని ఇంకొకడు అందుకునేవాడు.

రెండో నెల మొదలయ్యాక ముల్లు మెల్లబడింది. ఆకలి తీరిన గొడ్డు మొదటంత ఎగబడి పెరగదు, అది మామూలే. ఆ మాట పక్క దొడ్డి పెద్దాయన, అందరూ మర్యాదగా గాషే అని పిలిచే ఆస్ఫా కూడా చెప్పాడు. కానీ ఆయన చెప్పే తీరే వేరు. ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట మీద చేతులు పెట్టుకుని, పిట్టగోడ మీదుగా తొంగిచూసి, "ఏం బుల్చా, నీ కోడెలు లారీ ఎక్కడానికైతే సరిపోతాయి గానీ ఓడ ఎక్కేట్టు లేవే," అనేవాడు.

ఆ మాట ముల్లులా దిగేది. అప్పట్నుంచీ బుల్చాకి కుదురు లేకుండా పోయింది. కుదురుండే మనిషి కాడు మొదట్నుంచీ. లారీ తోలినన్నాళ్లూ కాళ్లకి పనుండేది, కళ్లముందు దారి కదిలేది. ఇప్పుడు చెయ్యాల్సిందల్లా వేళకి మేత వేసి, నీళ్లు నింపి, ఊరుకోవడం. ఆ ఊరుకోవడమే అతనివల్ల కాలేదు. తూర్పు దొడ్లోవాటిని పడమటి దొడ్లోకి తోలేవాడు, నీడ ఎక్కువని. రెండ్రోజులకి మళ్లీ వెనక్కి తోలేవాడు, గాలి ఎక్కువని. ఇవాళ తవుడు పెంచేవాడు, రేపు చెక్క పెంచేవాడు. కడుపులు పాడై కోడెలు నీళ్లలా పారుకుంటే, మడ్డి వల్లనేమోనని మడ్డి ఆపేసేవాడు. పడుకున్న కోడె కనిపిస్తే జబ్బు చేసిందేమోనని పొడిచి లేపేవాడు. అతను రాగానే అవి లేచి నిలబడి, చెవులు రిక్కించి, ఇతను ఏ మూల నుంచి ఏ కర్ర పట్టుకొస్తాడోనని చూసేవి.

జార్సో గొణుగుడు జార్సోది. "కట్టేసి మేపితే పట్టేది కండ కాదు, కొవ్వు. గొడ్డంటే నడవాలి. మా దగ్గర నీళ్ల కోసం రోజంతా నడుస్తాయి. ఎట్లా ఉంటాయో చూశావుగా?"

"ఎట్లా ఉంటాయి? ఎముకల గూళ్లలాగా ఉంటాయి. అందుకేగా ఇక్కడికి తెచ్చింది," అంది ఓబ్సే.

కానీ నడక అన్న మాట బుల్చా చెవిలో దూరింది. మర్నాడు ఓబ్సే రాకముందే ఇద్దరూ గేటు బార్లా తీసి, నలభై కోడెల్నీ అవాష్ నది వైపు తోలుకుపోయారు. బుల్చాకి ప్రాణం లేచొచ్చింది. ముందు కోడెల డెక్కల చప్పుడు, పక్కన జార్సో కూనిరాగం, కొండమీద గాలిమరల రెక్కలు తిరగడం. లారీ అమ్మేశాక అంత హాయిగా అతనెప్పుడూ లేడు. మంద ముందు దాలచా నడిచింది. బూడిదరంగు కోడె, మెడ నిలబెట్టి నడిచేది, ఆ రంగు చూసే జార్సో దానికి ఆ పేరు పెట్టాడు. బుల్చాకి కూడా అదంటేనే ముద్దు.

నది దాకా బాగానే సాగింది. తిరుగుదారిలో చెరకు తోట కనబడేసరికి మందకి మందంతా అందులో పడింది. కాపలావాడు ఈలలు వేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. వాడి కేకలకి కోడెలు బెదిరి తలోదిక్కు పారిపోయాయి. వాటన్నిటినీ కూడేసి, తోటవాళ్ల చేత తిట్లు తిని, జరిమానా కట్టి, దొడ్డికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గర ఓబ్సే నిలబడి ఉంది.

"విహారయాత్ర బాగా జరిగిందా?"

బుల్చా కోడెల్ని లెక్కపెట్టుకుంటూ లోపలికి తోలాడు. వారం తర్వాత తూస్తే, పెరగడం మాట అటుంచి, సగం కోడెలకి బరువు తగ్గింది. జార్సో కాటా వైపు చూడకుండా, "ఎండ ఎక్కువైంది," అని గొణిగాడు.

ఇక బుల్చాకి తిండి సయించేది కాదు. ఎగుమతి కంపెనీ మనిషి ఆబ్దీ నెలన్నరలో వస్తానన్నాడు. వాళ్లకి కావలసిన బరువొకటుంది, దానికి తగ్గితే తీసుకోరు. మేత ధర చూస్తే ఎక్కుతూ పోతోంది. కోడెలు మింగిన ప్రతి ముద్దా తన ఇసుజు చక్రాల్ని నమిలినట్టే అనిపించేది అతనికి. ఇంజెరా రొట్టె ముందు కూర్చునేవాడు, రెండు ముక్కలు తుంపేవాడు, లేచి గేటు దాకా పోయి వచ్చేవాడు.

ఒక శనివారం గాషే ఆస్ఫా దొడ్లోంచి ఎగుమతి లారీలు బయల్దేరాయి. ఆయన కోడెలు ఒక్కోటి గుండ్రాయిలా ఉన్నాయి. బుల్చా గోడెక్కి చూస్తూ ఉండలేక అడిగేశాడు.

"ఏం పెట్టావు గాషే? నిజం చెప్పు."

"మొక్కజొన్న పిండి," అన్నాడాయన, లారీ తలుపు వేస్తూ. ఇంకేదో చెప్పబోయాడు గానీ డ్రైవర్ హారన్ కొట్టాడు. బుల్చా కూడా అప్పటికే గోడ దిగిపోయాడు.

మర్నాడు ఆదివారం. ఓబ్సే చర్చికెళ్లింది. జార్సో పాకలో నిద్రపోతున్నాడు. బుల్చా బజాజ్ ఆటోలో రెండు దఫాలుగా మొక్కజొన్న పిండి బస్తాలు తెచ్చాడు. మేత వేసే గాళ్లలో తవుడు ఉండాల్సిన చోట పిండి పోశాడు. తీపి వాసనకి కోడెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మూతులు దూర్చాయి. అన్నిటికంటే ముందు దాలచా. బలమైనది కదా, పక్కవాటిని కొమ్ములతో నెట్టి వాటి వాటా కూడా తినేసింది. బుల్చా గోడకి ఆనుకుని చూస్తూ నవ్వుకున్నాడు. అవి అంత ఆత్రంగా తినడం మొదటి నెల తర్వాత మళ్లీ చూడలేదు. ఖాళీ అయిన గాళ్లలో ఇంకో బస్తా కూడా కుమ్మరించాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి దాలచా ఎడమ డొక్క ఉబ్బి డోలులా అయింది. తర్వాత ఒకటి వెనక ఒకటి మూలగడం మొదలెట్టాయి. పళ్లు కొరుకుతున్నాయి, కాళ్లతో కడుపులు తన్నుకుంటున్నాయి. కొన్ని కూలబడిపోయాయి.

"జార్సో! లేరా, లే!"

జార్సో వచ్చి, గాడిలో మిగిలిన పిండి వేళ్లతో తీసి చూసి, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది బుల్చాకి.

పశువుల డాక్టరు హిరుత్ వచ్చేలోపు ఓబ్సే కూడా వచ్చింది, తెల్లటి నెతెలా శాలువా ఒంటికి చుట్టుకునే ఉంది. హిరుత్ ఆటోలోంచి దూకుతూనే అడిగింది.

"ఇదివరకెప్పుడన్నా మొక్కజొన్న తిన్నాయా ఇవి?"

"లేదు," అన్నాడు బుల్చా.

"మరి కొత్త గింజని కాస్త కాస్త కలుపుతూ వారాలపాటు అలవాటు చేస్తారు గానీ, ఇలా ఒక్కపూటలో గుమ్మరిస్తారా? లోపలంతా పులిసిపోయింది. కూలబడ్డవాటిని లేపండి. పడుకోనిచ్చారంటే పోతాయి. అమ్మా, నూనె ఎంతుంటే అంత తెప్పించు. సోడా ఉప్పు కూడా."

ఆ మధ్యాహ్నమంతా ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక లేదు. జార్సో నోళ్లు తెరిచి పట్టుకుంటే హిరుత్ గొట్టం దించేది. ఓబ్సే సోడా నీళ్లు పోసేది. బుల్చా కూలబడ్డవాటి తోకలు మెలిపెట్టి, భుజం ఆనించి లేపేవాడు. ఒకటి లేస్తే ఇంకోటి పడేది. ఎటు పరుగెత్తాలో తెలియక మధ్యలో నిలబడిపోయేవాడు. ఓబ్సే నెతెలా తీసేసి దాంతోనే కోడెల మూతులు తుడుస్తోంది. దాలచాకి డొక్కలో గొట్టం గుచ్చారు. బుస్సుమని గాలి పోయింది గానీ, అది మళ్లీ లేవలేదు. బుల్చా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతను దొడ్లో కదలకుండా కూర్చున్నది అదే మొదటిసారి. పొద్దు వాలకముందే అది పోయింది.

"మిగతావి బతుకుతాయి," అంది హిరుత్ చేతులు కడుక్కుంటూ. "కొన్నిటికి గిట్టలు దెబ్బతింటాయి, కుంటుతాయి. పదిరోజులు ఒట్టి గడ్డే వెయ్యండి. ఎవరూ వాటిని కదిలించకండి. ఎవరూ అంటే ఎవరూ."

ఆమె ఎవరిని చూసి అందో అందరికీ తెలుసు.

తెల్లారి ఓబ్సే గేటుకి కొత్త తాళం తెచ్చింది. బుల్చా లోపలికి అడుగు వెయ్యబోతే అడ్డంగా నిలబడింది. కోపంగా లేదు. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"లెన్సా నాన్నా, నువ్వు పోయి లారీ తోలుకో."

"ఏ లారీ? అమ్మేశాంగా!"

"ఎవరిదో ఒకరిది. జిబూతీ రోడ్డుకి డ్రైవర్లు దొరక్క చస్తున్నామని నా కొట్లో కూర్చుని ఏడవని ఓనరు లేడు. పో."

"నా కోడెల్ని వదిలేసి పోనా? పిచ్చా నీకు?"

"గొడ్డు పెరిగేది తిన్నప్పుడు కాదు, తిని పడుకుని నెమరేసేటప్పుడు. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఒక్క కోడె కడుపారా నెమరేసిందా? నిన్ను చూస్తే చాలు, లేచి నిలబడతాయి. నాకే అట్లా ఉంది, వాటికెట్లా ఉంటుంది?"

బుల్చా జార్సో వైపు చూశాడు. జార్సో నేల వైపు చూస్తున్నాడు.

"నా చీటీ డబ్బు కూడా ఉందందులో," అంది ఓబ్సే, ఈసారి మెల్లగా. "నేనెప్పుడన్నా ఆ మాటన్నానా? ఇవాళ అంటున్నా. పో."

పోయాడు. రెండ్రోజుల్లో ఒక ఓనరు దగ్గర లారీ దొరికింది. జిబూతీ రేవు నుంచి ఎరువుల బస్తాలు తేవడం. మెతహారా, అవాష్, మిలే మీదుగా సరిహద్దు దాటి పోవాలి. స్టీరింగు చేతికొచ్చింది, కాళ్లకి పని దొరికింది, మనసు మాత్రం వోంజీ రోడ్డులో ఆ ఇనప గేటుకే వేలాడుతూ ఉంది. ఆగిన ప్రతిచోటా ఫోన్ చేసేవాడు.

"తిన్నాయా?"

"తిన్నాయి."

"ఇప్పుడేం చేస్తున్నాయి?"

"పడుకున్నాయి."

"పడుకున్నాయా? అన్నీనా? ఏమైంది?"

"అయ్యో దేవుడా! నెమరేస్తున్నాయయ్యా!"

తర్వాత తర్వాత ఓబ్సే రోజుకి ఒక్కసారే ఫోన్ ఎత్తుతానంది. మరీ మూర్ఖంగా మోగిస్తే జార్సో చేతికిచ్చేది. జార్సో ఫోన్‌లో గొడ్డు అరిచినట్టు అరిచి పెట్టేసేవాడు.

మిలే దగ్గర ఎగుమతి పశువుల్ని ఆపే పెద్ద దొడ్లున్నాయి. బుల్చా అక్కడ టీ కోసం ఆగినప్పుడల్లా కంచె దాకా పోయి చూసేవాడు. ఎవరెవరివో కోడెలు, ఆ వేడిలో నాలుకలు వేలాడేసుకుని నిలబడి ఉండేవి. ఓరోజు వార్సమె అనే డ్రైవరు చెప్పాడు, ఓడ రాలేదట, కొనేవాళ్లు వెనక్కి తగ్గారట, ఈ కోడెలు ఇక్కడే తిని ఇక్కడే చిక్కిపోతున్నాయట. బుల్చా వెంటనే లేచాడు. టీ గ్లాసు కింద పెట్టి ఓబ్సేకి ఫోన్ కొట్టాడు.

"ఓడ రాలేదంట! మనవి ఇప్పుడే అమ్మేద్దాం. పట్నంలో కసాయివాళ్లకి ఇచ్చేద్దాం. ఎంతొస్తే అంత."

"ఓడ రాకపోతే నువ్వేం చేస్తావు, ఈదుకుంటూ పోయి లాక్కొస్తావా?"

"నే చెప్పేది విను..."

"విన్నా. ఇప్పుడు నువ్వు విను. ఇవాళ నేనూ హిరుతూ కలిసి తూచాం. నెల తర్వాత ఇదే తూచడం."

"ఎంత? ఎంతుంది?"

"పెరిగాయి," అంది ఓబ్సే. అంకె చెప్పలేదు. ఎంత బతిమాలినా చెప్పలేదు. ఆ మాటతోనే అతను ఆ రాత్రి ఎడారిలో లారీ పైకెక్కి పడుకుని, నిద్రపోకుండా తెల్లవార్లూ రకరకాల అంకెలు ఊహించుకున్నాడు. ఓడ వచ్చింది కూడా, నాలుగు రోజులు ఆలస్యంగా.

అదామా వచ్చినప్పుడు ఓబ్సే ఇంట్లో అన్నం పెట్టేది గానీ దొడ్డి తాళం ఇచ్చేది కాదు. ఓ మధ్యాహ్నం బుల్చా లారీని గోడ పక్కనే ఆపి, క్యాబిన్ మీదకెక్కి చూశాడు. మొదట ఇది తన దొడ్డి కాదేమో అనుకున్నాడు. నీడలో కోడెలన్నీ కాళ్లు మడుచుకుని పడుకుని ఉన్నాయి. దవడలు ఆడుతున్నాయి. గంగడోళ్లు నేలని తాకుతున్నాయి. మధ్యలో ఓబ్సే ఒక బస్తా మీద కూర్చుని పప్పు ఏరుకుంటోంది. ఒక్క కోడె అయినా తల తిప్పి ఆమెని చూడటం లేదు, ఆమె కూడా ఆ దొడ్డిలో ఒక గుంజ అయినట్టు. బుల్చాకి సంతోషమేసింది. ఆ వెంటనే ఇన్ని నెలలూ వాటికోసం తను పడ్డ యాతనంతా గుర్తొచ్చింది. ఆ యాతన లేకపోవడమే వాటికి కావలసిందని ఇప్పుడు కళ్లారా చూస్తున్నాడు. దిగబోతూ కాలు జారి రేకు మీద చప్పుడైంది. వెంటనే ముప్పై తొమ్మిది తలలూ లేచాయి.

"ఎవరదీ?" అని అరిచింది ఓబ్సే.

బుల్చా లారీ ఎక్కి పారిపోయాడు.

ఆబ్దీ వచ్చిన రోజు మాత్రం అతన్ని లోపలికి రానిచ్చింది, నోరు మెదపనని ఒట్టు వేయించుకుని. ఆబ్దీ సన్నటి మనిషి. ఒక్కో కోడె వెన్ను మీద చెయ్యి వేసి, పక్కటెముకలు నొక్కి, నడిపించి చూశాడు. గిట్టలు దెబ్బతిని కుంటుతున్న ఆరింటినీ పక్కన పెట్టాడు. "ఇవి ఓడ మెట్లెక్కలేవు," అన్నాడు. మిగతావాటికి ఒక ధర చెప్పాడు. బుల్చా నోరు తెరిచాడు. ఓబ్సే కాలు తొక్కింది. మూశాడు.

"ఆ ధరకి తోక కూడా రాదు తమ్ముడూ," అంది ఓబ్సే. "కూర్చో, కాఫీ తాగు. నాకేం తొందర లేదు. వీటికీ లేదు."

నిజంగానే తొందర లేనట్టు గింజలు వేయించడం మొదలెట్టింది. మూడో కప్పుకి ఆబ్దీ ధర రెండు మెట్లు పెంచాడు. బుల్చా ఆ మూడు కప్పులసేపూ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

కోడెల్ని లారీ ఎక్కించే రోజు సాయంత్రం జార్సో కూడా మూట సర్దుకుని లారీ దగ్గరికొచ్చాడు. కోడెలతోపాటు రేవు దాకా పోతానన్నాడు. సముద్రం చూడాలట. బుల్చా లారీ నేల మీద ఇసుక పరిపించి, జారకుండా అడ్డకర్రలు కట్టించాడు. ఒక్కో కోడె ఎక్కుతుంటే దాని వీపు తట్టాడు. అవి ఎక్కి వెళ్లిపోయాక ఓబ్సే చాలాసేపు ఖాళీ గాళ్ల దగ్గర నిలబడింది. అతను పలకరించబోయి మానుకున్నాడు.

నాలుగు రోజులకి జార్సో ఫోన్ చేశాడు.

"చూశాను ఓబో బుల్చా. ఇంతేసి నీళ్లు! ఒక్క గొడ్డు కూడా తాగదు. ఎందుకు పెట్టాడో దేవుడు."

"మనవి ఎట్లా ఉన్నాయి?"

"ఎక్కాయి. అన్నీ నడిచే ఎక్కాయి. నన్ను తిరిగి కూడా చూళ్లేదు."

కుంటివి ఆరూ పండక్కి ఊళ్లోనే అమ్ముడుపోయాయి, తక్కువకే. మేత, అద్దె, మందులు, చెరకుతోట జరిమానా, చచ్చిపోయిన దాలచా అన్నీ పోగా మిగిలింది చూసి బుల్చా నిట్టూర్చాడు.

"దీనికోసమా ఇంత! లారీ అద్దెకిచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నా ఇంతే వచ్చేది."

"నువ్వు కాళ్లు చాపుకుని కూర్చుంటావా?" అంది ఓబ్సే. ఇద్దరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వడం. తర్వాత ఆమె ఇంజెరా పళ్లెం పక్కకి జరిపి చెప్పింది. "దొడ్డి ఖాళీ చెయ్యను. ఇంకో జట్టు తెద్దాం. ఏరడం నీది, మేపడం నాది. వాటిని దించాక గేటు బయటే నీ హద్దు. ఒప్పుకుంటేనే."

"ఒప్పుకోకపోతే?"

"కొట్టులో కప్పులు కడుగుదువు గాని."

వానలు ముందుగా పడ్డ ఏడాది అది. బోరెనాలో మేత దొరికి, కోడెల్ని అమ్మేవాళ్లు తగ్గారు, ధర ఎక్కింది. దుబ్లుక్ సంతలో బుల్చా పొద్దున్నుంచీ మందల మధ్య తిరిగాడు. వెన్నులు తడిమాడు, కాళ్లు చూశాడు, పళ్లు చూశాడు. నలభై అనుకున్నది ముప్పై కూడా దాటేట్టు లేదు. జార్సో తన ఊరినుంచి నడిచొచ్చి కలిశాడు. తెల్లవారేలోగా అదామా చేరాలన్నది బుల్చా పట్టు. డ్రైవరు ఇంజను ఆన్ చేసి ఉన్నాడు. కోడెలు మాత్రం దూరం నుంచి నడిచొచ్చి అలిసిపోయి ఉన్నాయి, కొన్ని అక్కడే ముళ్లచెట్ల కింద కూలబడ్డాయి.

"ఎక్కిద్దాం, లే," అన్నాడు బుల్చా కర్ర అందుకుంటూ.

"నీళ్లు తాగి ఇప్పుడే పడుకున్నాయి," అన్నాడు జార్సో. "నీ ఇష్టం మరి."

బుల్చా కర్ర పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఒక కోడె కడుపులోంచి ముద్ద పైకి తెచ్చుకుని మెల్లగా నమలడం మొదలెట్టింది. దాని పక్కదీ అందుకుంది. అతను డ్రైవరు వైపు తిరిగి, ఇంజను ఆపెయ్యమని చెయ్యి ఊపాడు. ఎండ చల్లబడే దాకా ఆగుదామన్నాడు.

ఆ ఆగినంతసేపూ లారీ చుట్టూ తిరిగాడు. టైర్లు తన్ని చూశాడు, తాళ్లు విప్పి మళ్లీ కట్టాడు, టీ రెండుసార్లు తెప్పించి రెండుసార్లూ చల్లార్చాడు. చెట్ల వైపు మాత్రం పోలేదు.

"ఓబో బుల్చా, నువ్వూ కాస్త కూర్చోవచ్చుగా," అన్నాడు జార్సో.

"నా సంగతి వదిలెయ్," అన్నాడు బుల్చా, ఇంకో చుట్టు తిరగడానికి బయల్దేరుతూ.